నాలుగింటిలోగా ఏదో ఒకటి

ఆ ఫారంలో ఉన్నవి రెండే గడులు. మొదటిదాని పక్కన టెక్నికల్ డిగ్రీ అని, రెండోదాని పక్కన బిజినెస్ డిగ్రీ అని రాసి ఉంది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా పంపిస్తే, మా కంపెనీ నన్ను రెండేళ్లపాటు వారానికి రెండు రోజులు చదువుకి పంపుతుంది. పంపాక మార్చుకునే వీల్లేదు. నెల రోజులుగా ఆ రెండు గడుల మధ్య గోడమీద పిల్లిలా కూర్చున్నాను. చూస్తూ చూస్తూ శుక్రవారం రానే వచ్చింది.

మా కంపెనీ ఆసుపత్రి ల్యాబులకి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఎవరి రక్తం, ఏ పరీక్ష, ఫలితం ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. ఎనిమిదేళ్ల క్రితం నేను ఇక్కడ ప్రోగ్రామ్‌లు రాయడానికే చేరాను. రెండేళ్లు రాశాను కూడా. ఒకరోజు ఏదో ఆసుపత్రివాళ్లు మీటింగులో అరికాలి మంట నెత్తికెక్కి అరుస్తుంటే, మా ఇంజనీర్లందరూ నీళ్లు నమిలారు. నేను నోరు తెరిచి పది నిమిషాల్లో వాళ్లని చల్లబరిచాను. అంతే, మర్నాటి నుంచి నా పని మాట్లాడటమే అయిపోయింది. ఇంజనీర్లు చెప్పింది ఆసుపత్రులకి, ఆసుపత్రులు అరిచింది ఇంజనీర్లకి మోస్తూ ఆరేళ్లు గడిపేశాను.

బిజినెస్ డిగ్రీకి ప్రవేశ పరీక్ష లేదు, ఇంటర్వ్యూ మాత్రమే. ఇంటర్వ్యూలో నన్ను ఓడించే మొనగాడు ఇంకా పుట్టలేదు. టెక్నికల్ డిగ్రీకైతే ఇరవై ఒక్క రోజుల్లో పరీక్ష ఉంది. అందులో తప్పితే అవకాశం అక్కడితో సరి, వచ్చే ఏడాది ఇంకొకరి పేరు వెళ్తుంది. పోయిన నెలలో పాత పుస్తకం ఒకటి దుమ్ము దులిపి తెరిచాను. మూడు పేజీలు చదివేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నాకు ముప్పై నాలుగేళ్లు. ఆ పరీక్ష హాల్లో నా పక్కన కూర్చునేవాళ్లకి ఇరవై రెండుంటాయి.

మరి మొదటి గడి వంక చూడటం ఎందుకూ అంటే, నాకో భయం ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కాల్‌లో నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేవాటిలో సగం నాకే అర్థం కావు. ఇంజనీరు పక్కనుంచి అందించిన మాటని తీసుకుని, తుడిచి, అందంగా పెట్టి అవతలివాళ్లకి వడ్డిస్తాను. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు "అంటే ఏంటమ్మా?" అని అడుగుతారు, ఆరోజు నా బండారం బయటపడుతుంది అనుకుంటూ ఆరేళ్లుగా నెట్టుకొస్తున్నాను.

శుక్రవారం పొద్దున మా ఆయన చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ, "ఇంకా తేల్చలేదా?" అన్నాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాడు. ప్రపంచంలో ప్రతి విషయాన్నీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి గానీ ఆలోచించలేడు.

"కారు నడపడానికి ఇంజన్ విప్పడం రావాలా? అక్కర్లేదుగా. నీకు నడపడం వచ్చు. బిజినెస్ తీసుకో."

"మధ్యదారిలో ఆగిపోతే?"

"మెకానిక్కి ఫోన్ చేస్తాం."

"ఆ మెకానిక్ చెప్పేది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?"

"పొద్దున్నే నా బుర్ర తినకే బాబూ," అని హెల్మెట్ తీసుకుని వెళ్లిపోయాడు. కారు నేర్పించే మనిషి పనికి బండి మీద వెళ్తాడు, అదో విడ్డూరం.

అక్క ఫోన్ కూడా అప్పుడే వచ్చింది. ఆమె బిజినెస్ చదివింది, ఇరవై మందిని అదిలిస్తూ బతుకుతోంది. "కోడు రాసేవాళ్లని ఏటా మారుస్తారే. మనుషుల్ని నడిపేవాళ్లని మార్చరు. నీకు దేవుడు నోరిచ్చాడు, వాడుకో," అంది. నేను ఊ కొట్టాను. అందరూ నా నోటినే మెచ్చుకుంటున్నారు, తలకాయ సంగతి ఎవరూ ఎత్తరేం అని ఉక్రోషం వచ్చింది. కానీ వాళ్లు చెప్పేది తప్పని అనడానికీ నా దగ్గర ఏమీ లేదు.

ఆఫీసులో అడుగు పెట్టేసరికి తొమ్మిదీ పది. కుర్చీలో కూర్చోకముందే ఒక ఆసుపత్రి నుంచి ఫోన్. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. ఇలాంటప్పుడు మా దగ్గర పద్ధతి ఏమిటంటే, అందరూ ఒకే కాల్‌లోకి వస్తారు. ఇంజనీర్లు తమ మైకు మూసేసుకుని పని చేస్తారు. చెప్పదలచుకున్నది నాకు రాసి పంపుతారు. అవతలి వాళ్లకి వినిపించేది నా గొంతు ఒక్కటే.

ఆరోజు పనిలో ఉన్నది మౌని. అసలు పేరు వేరే ఉంది, ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. నేనూ అతనూ ఒకే వారంలో చేరాం. నేను మాటల్లోకి వెళ్లాను, అతను మెషిన్లలోనే ఉండిపోయాడు. నోట్లో నాలుక లేదని అందరూ ఏడిపిస్తారు. పనిలో మాత్రం మా అందరికీ పెద్ద దిక్కు.

సర్వర్‌లో డిస్క్ పోయిందని తొమ్మిదిన్నరకి మౌని రాశాడు. నేను దాన్ని, "ఒక భాగం పాడైంది మేడమ్, మార్చేస్తున్నాం," అని చెప్పాను. అవతల ఉన్నది ల్యాబ్ ఇన్‌చార్జి. యాభై ఐదేళ్లుంటాయి, మేమంతా ల్యాబ్ మేడమ్ అంటాం. ఆవిడ అరవదు, అదే ఇబ్బంది.

"ఒక్కటి చెప్పమ్మా," అందావిడ. "మా ఫ్రిజ్‌లలో ఒకటి రిపేరులో ఉంది. చోటు లేదు. రాత్రి పరీక్షలు చేసేసిన రక్తం గొట్టాల్ని పారేస్తే గానీ పొద్దుటివి పెట్టలేను. రాత్రి రిపోర్టులు మీ దగ్గర భద్రంగా ఉంటే పారేస్తాను. లేకపోతే ఎలాగో తంటాలు పడి ఉంచుతాను. ఉన్నాయా?"

డిస్క్ పోయినా ఫైళ్లు మిగలాలని, ఒక ప్రోగ్రామ్ రోజూ వాటికి ఇంకోచోట కాపీ తీసిపెడుతుంది. మౌనిని అడిగాను. రెండు నిమిషాలకి జవాబు రాశాడు: "తెల్లవారుజామున కాపీ పని పూర్తయింది. ఆకుపచ్చ టిక్కు ఉంది."

"అన్నీ భద్రంగా ఉన్నాయి మేడమ్," అన్నాను. "మీరు నిశ్చింతగా ఉండండి."

ఆ నిశ్చింత అనే మాట మౌని రాయలేదు. అది నా సొంత వడ్డన.

పదకొండూ నలభైకి మౌని లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఎనిమిదేళ్లలో అతను కుర్చీలోంచి లేచి నా దగ్గరికి రావడం నేనెప్పుడూ చూడలేదు. 

"కాపీ ఖాళీగా ఉంది," అన్నాడు.

"ఖాళీగా అంటే?"

"పన్నెండు రోజుల క్రితం ఫైళ్లని కొత్త చోటికి మార్చాం. కాపీ చేసే ప్రోగ్రామ్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అది రోజూ పాత చోటికే వెళ్లి, అక్కడున్నదాన్నే కాపీ చేస్తోంది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని తప్పు లేకుండా కాపీ చేసి టిక్కు పెడుతోంది."

 పాత రిపోర్టులు వార్డులకి కాగితాల మీద ఎప్పుడో వెళ్లిపోయాయి, వాటికి ఢోకా లేదు. రాత్రివి కూడా చాలామటుకు పరీక్ష చేసే మెషిన్లలోనే మిగిలాయి, తిరిగి తీసుకోవచ్చు. కానీ కొన్ని పరీక్షలు చేత్తో చేసి ఫలితం నేరుగా మా సాఫ్ట్‌వేర్లో కొడతారు. అలాంటివి పదకొండు మందివి. అవి ఎక్కడా లేవు. వెంటనే ల్యాబ్ మేడమ్‌కి ఫోన్ చేశాను. గొట్టాలు పది గంటలకే పారేశామంది. 

ఫోన్ పెట్టేసి మౌని మీద విరుచుకుపడ్డాను. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. "పన్నెండు రోజులు! ఒక్కసారైనా తెరిచి చూసుకోవద్దా? టిక్కు ఉందని రాస్తావా నాకు? నీ టిక్కుని నమ్మి నేను మాటిచ్చాను!"

అతను నన్ను తన స్క్రీన్ దగ్గరికి తీసుకెళ్లి ఒక లిస్టు తెరిచాడు. ఇంజనీర్లు తమకి కావలసిన పనుల్ని అందులో రాస్తారు, ఏది ముందు ఏది తర్వాత అని తేల్చేది నేను. అందులో ఒక లైను మీద వేలు పెట్టాడు. "కాపీని వేరే మెషిన్లో తెరిచి చూడటానికి ఒక రోజు కావాలి." కింద నా పేరుతో "తర్వాత" అని ఉంది. రెండు నెలల తర్వాత మళ్లీ అదే లైను, మళ్లీ "తర్వాత". మూడోసారి పోయిన నెలలో. ఈసారి "తర్వాత చూద్దాం, ఇది అత్యవసరం కాదు" అని ఇంకాస్త మర్యాదగా రాశాను.

ఆ మూడు సార్లూ ఆ లైను చదివినట్టు నాకు గుర్తుంది. ఏమీ అనిపించకపోవడం కూడా గుర్తుంది. కాపీ అవుతోంది కదా, మళ్లీ తెరిచి చూడటం ఏమిటి చాదస్తం అనుకున్నాను. అతన్ని అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుందని అడగలేదు.

మా సార్ గదిలోంచి వచ్చి విషయం విన్నారు. ఆయన దేనికీ కంగారుపడరు, పడేవాళ్లని పంపుతారు. "చూడమ్మా, నువ్వు స్వయంగా ఆసుపత్రికి వెళ్లు. నువ్వు మాట్లాడితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది. అన్నట్టు ఆ ఫారం పంపావా? నాలుగింటికి మూసేస్తారు, మర్చిపోకు."

ల్యాబ్ ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. పొడవాటి గది, ఒక పక్కన మెషిన్లు, ఇంకో పక్కన రాతి బల్లలు. రిపేరుకి తెరిచిపెట్టిన ఫ్రిజ్ తలుపు దారికి అడ్డంగా వేలాడుతోంది. నేను దారిలో మూడు రకాల క్షమాపణలు తయారుచేసుకున్నాను. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది, ఒకటి కళ్లలో నీళ్లొచ్చేది. ల్యాబ్ మేడమ్ వాటిలో దేనికీ సందు ఇవ్వలేదు.

"పదకొండు మందిలో ఎనిమిది మందికి మళ్లీ తీశాం," అంది చేతి తొడుగులు విప్పుతూ. "ఒకాయన ఇంటికి వెళ్లిపోయాడు, వెనక్కి పిలిపిస్తున్నాం. ఒకావిడ డాక్టర్ దగ్గరుంది. ఒక పాప ఉంది. దానికి నరం దొరకదు. నిన్న నాలుగుచోట్ల పొడిస్తే గానీ రాలేదు."

పాపకి ఏడేళ్లుంటాయి. తల్లి ఒళ్లో కూర్చుని ఉంది. నిన్నటి నాలుగు పోట్ల మీద దూది అంటించి ఉంది. నర్సు అయిదోచోటు కోసం ముంజేతిని వేలితో తట్టి తట్టి చూస్తోంది. పాప ఏడవడంలేదు, నా మెడలోని కార్డునే చూస్తోంది. కార్డు వేసుకున్నవాళ్లందరూ ఆసుపత్రివాళ్లే అనుకున్నట్టుంది.

"నిన్న తీసిన రక్తం ఏం చేశారు?" అని నన్ను అడిగింది.

ఆరేళ్లలో ఏ కాల్‌లోనూ నాకు మాట తడుముకునే అవసరం రాలేదు. ఆ పిల్ల ముందు నోరు పెగల్లేదు. మూడు క్షమాపణలూ ఎటు పోయాయో తెలియదు. తల్లి కూడా నా వంకే చూస్తోంది.

"పోగొట్టేశాం," అన్నాను. "నా వల్ల పోయింది."

"వెతకలేదా?"

"వెతికాం. లేదు."

పాప మొహం తిప్పుకుని తల్లి భుజంలో దాచుకుంది. సూది దిగింది, రక్తం రాలేదు. రెండోసారి దిగింది. అప్పుడు ఏడ్చింది. నేను అక్కణ్నుంచి కదల్లేక, చూడలేక, గోడకి ఆనుకుని నిలబడ్డాను.

బయట వరండాలోకి వచ్చాక ల్యాబ్ మేడమ్ నా పక్కన బెంచీ మీద కూర్చుంది. తిట్టినా బాగుండును అనిపించింది.

"ముప్పై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నానమ్మా," అంది. "భద్రంగా ఉన్నాయా అని ఎవర్ని అడిగినా ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఆ తటపటాయింపుని బట్టే నేను నిర్ణయం తీసుకుంటాను. నువ్వు అసలు తటపటాయించలేదు. అందుకే పారేశాను."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే ఉండిపోయాను. ఇంట్లో అందరూ మెచ్చుకునే నోరు, దేవుడిచ్చిందని అక్క చెప్పిన నోరు. అది కాస్త తడబడి ఉంటే ఆ పిల్లకి ఇవాళ సూది పోటు ఉండేది కాదు.

మూడూ నలభైకి మా సార్ ఫోన్.

"శభాష్! ల్యాబ్ వాళ్లు ఫిర్యాదు రాయడంలేదట. చెప్పానా, నువ్వు వెళ్తే చాలని. ఫారం ఇంకా రాలేదేం? బిజినెస్సేగా? ఊ అను, నేనే పెట్టించేస్తాను."

"సార్, ఆ పనిని తర్వాత అని మూడుసార్లు పక్కన పెట్టింది నేనే."

"తెలుసమ్మా, చూశాను. నేను చెప్పేదీ అదే. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడమే బిజినెస్ డిగ్రీలో నేర్పేది. ఇది వ్యాపార నిర్ణయంలో వచ్చిన పొరపాటు. నీకు ఆ చదువే కావాలి."

ఆయన అన్నది తీసిపారేసే మాట కాదు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. మౌనికి ఎంత చదువున్నా ఆ ఒక్క రోజు నేను ఇవ్వలేదు. ఇచ్చే కుర్చీలో ఆ లైను అర్థమయ్యే మనిషి కూర్చుని ఉంటే ఇదంతా జరిగేది కాదు. మరి ఆ కుర్చీ పని నేర్పే చదువు వద్దంటే ఎలా? సార్‌కి రెండు నిమిషాల్లో చేస్తానని ఫోన్ పెట్టేసి ఫారం తెరిచాను.  మూడూ నలభై ఆరు.

రెండో గడి మీద వేలు పెట్టబోయి ఆగాను. పెడితే పరీక్ష లేదు, భయం లేదు, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. రెండేళ్లలో సార్ పక్క గది నాది. అప్పుడు నా ముందుకి నలభై లైన్ల లిస్టుకి బదులు నాలుగొందల లైన్లది వస్తుంది. లైన్లని వరసగా పేర్చడం నాకు నేర్పుతారు, బాగా నేర్పుతారు. కానీ మౌని రాసిన ఆ లైను మూడుసార్లు చదివినా నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యాల్సిన చోట వెయ్యాలంటే ముందు అది అర్థం కావాలి. పరీక్షంటే భయం, కుర్రాళ్లంటే భయం, నా బండారం బయటపడుతుందని భయం. ఇన్ని భయాలున్న నేను, అసలు భయపడాల్సినదాన్ని చూసి తర్వాత అని రాశాను.

మొదటి గడిలో టిక్కు పెట్టాను. పంపించు అన్నదాన్ని నొక్కాను. మూడూ యాభై రెండుకి అందినట్టు సందేశం వచ్చింది.  సంతోషం ఏమైనా కలుగుతుందేమోనని కాసేపు చూశాను, కలగలేదు.

సార్‌కి చెప్పాను.  "పరీక్ష తప్పితే ఇంకో ఏడాది పేరు పంపలేనమ్మా, ఆలోచించుకునే చేశావా?" అన్నారు. చేశానన్నాను. "సరే," అన్నారు. ఆయన సరే అన్నప్పుడల్లా పని అయిపోయినట్టు ఉంటుంది, ఇవాళ నేనే అయిపోయినట్టు అనిపించింది.

తర్వాత మౌనికి ఫోన్ చేశాను. పొద్దున అరిచినందుకు క్షమించమన్నాను. "ఊ," అన్నాడు. టెక్నికల్‌కి టిక్కు పెట్టానని చెప్పాను.  

"ఆ పరీక్ష నేను రెండుసార్లు రాశాను," అన్నాడు. "కంపెనీకి తెలియకుండా, నా అంతట నేనే. రెండుసార్లూ తప్పాను."

  మా అందరికీ పెద్ద దిక్కనుకున్న మనిషి రెండుసార్లు తప్పిన పరీక్ష అది. మూడు పేజీలు చదివి పుస్తకం మూసేసినదాన్ని నేను.

"ముందే చెప్పి చావొచ్చుగా! నెల రోజుల నుంచి నేను కొట్టుకుంటున్నానని తెలుసుగా నీకు!"

"చెప్తే నువ్వు రెండోదాంట్లో పెట్టేదానివి."

నిజమే, పెట్టేసేదాన్ని. ఒక్క నిమిషం కూడా ఆలోచించేదాన్ని కాదు. 

"ఇవాళ్టి నుంచి కాపీ సరైన చోటు నుంచి పడుతుంది," అన్నాడు. అతను ఒకే రోజున ఇన్ని మాటలు మాట్లాడటం నేనెరగను. "రేపు దాన్ని వేరే మెషిన్లో తెరిచి చూడాలి. నేను పక్కన కూర్చుంటాను. నువ్వు తెరువు."

"నాకు రాదు," అన్నాను. ఆ రెండు మాటలు ఆఫీసువాళ్లెవరి ముందైనా అనడం నాకు అదే మొదటిసారి. ఆకాశం ఊడిపడలేదు. మౌని, "తెలుసు," అన్నాడు.

పరీక్షకి ఇరవై ఒక్క రోజులున్నాయి.  "ఎన్నింటికి రమ్మంటావ్?" అని అడిగాను.